సున్నేవాకు గుర్తులేనిది

ఫారో దీవుల్లో ఒక ఊరు,
పద్దెనిమిది వందల నలభై ఆరు, వేసవి.
పదిహేను ఇళ్లు. కప్పుల మీద గడ్డి మోకాలెత్తు పెరిగింది,
కోసే చెయ్యి లేదు.
పడవలు ఒడ్డున బోర్లా,
మనుషులు లోపల వెల్లకిలా.

ఓడ దిగి వచ్చిన చుట్టం ఒకడు దగ్గాడు.
అంతే.
పదమూడో రోజుకి హానుస్ కళ్లు నిప్పులయ్యాయి,
మర్నాడు చెవుల వెనకనుంచి తట్టు
మెడ దిగి, ఛాతీ దిగి,
గోడ దాటి పక్కింటికీ దిగింది.

ఊళ్లో నిలబడి ఉన్నది సున్నేవా ఒక్కర్తే.
డెబ్భై ఒకటి. నిలబడటమంటే, నడుము సగానికి వంచుకునే.
వాగు నుంచి నీళ్లు మోసింది,
ప్రతి గడపా తొక్కింది,
ప్రతి నోటికీ అదే చెంచా.
చిన్న బిల్లా దగ్గు ఆమె ముఖం మీదే పడింది.
ముంజేత్తో తుడుచుకుంది.
"నీకు రాదా అవ్వా?"
"ముసలిగొర్రె తోలమ్మా. ఏ పురుగు పళ్లూ దిగవు."

అది కాదు సంగతి.

ఆరేళ్లప్పుడు ఆమెకూ ఇదే వచ్చింది.
ఆమెకు జ్ఞాపకం లేదు.
తల్లి ముఖమే లేదు; ఒక చెయ్యి,
ఆ చేతికి ఎండుచేప వాసన. అంతవరకే.

ఆనాడు ఊపిరితిత్తుల గుమ్మంలో
కాపలా కణాలు వచ్చినవాణ్ణి పట్టుకున్నాయి.
పట్టుకున్న చేతుల్లోనే వాడు కాపురం పెట్టాడు.
వాటి భుజాలెక్కి మెడ గ్రంథుల్లోకి ఊరేగాడు.
అంతకుముందు ఒళ్లు నేర్చిన పాఠాలు,
చెవిపోటు, చలిజ్వరం, పేరు పెట్టని రొంపలు,
పలక మీంచి ఉమ్మితో తుడిచినట్టు తుడిచాడు.

పిల్ల ఒళ్లు పొయ్యి అయింది.
ఆ జ్వరం వాడిది కాదు, ఆమెది;
వాడికి ఎసరు తనే పెట్టింది.
గ్రంథుల చీకట్లో లక్షల కొలతలు తీశారు.
సరిపోనివి విప్పేశారు.
ఒకటి, కాస్త వంకరగా, పట్టింది.
దాన్నే మళ్లీ అల్లి, మళ్లీ బిగించి...
వాడు దాక్కున్న ప్రతి గదికీ వెళ్లి
సొంత గదినే తగలబెట్టుకున్న సెగ
చర్మం మీద ఎర్రగా పొంగింది.
చూసినవాళ్లు దాన్నే రోగం అన్నారు.

తగ్గాక, పని చేసినవాళ్లలో చాలామంది
చడీచప్పుడు లేకుండా కరిగిపోయారు.
కొందరు మాత్రం ఎముక లోపలికి వెళ్లి,
గోడకు చేరగిలి, అల్లడం మానలేదు.
ఒకే పోగు, ఒకే కొలత:
రాని చుట్టానికి చేతితొడుగులు.

ఆమె పెళ్లినాడు అల్లారు.
సముద్రం ఇద్దరు కొడుకుల్ని ఒకే పడవలో తీసుకున్న రాత్రి,
ఆమె అన్నం ముట్టని ఆ తొమ్మిది రోజులూ,
అల్లారు.
తుంటి విరిగి ఎముక గుల్లబారిన చలికాలం
ఆ గుల్లలోనే కూచుని అల్లారు.
అరవై అయిదేళ్లు. ఎవరూ రాలేదు.

బిల్లా దగ్గింది.
వాడు గడపలో కాలు పెట్టేలోపే
వేళ్లకీ గోళ్లకీ, కొక్కేనికీ కొక్కేనికీ
తొడిగేశారు.
ఎక్కడా పట్టు దొరకలేదు వాడికి.
సున్నేవాకు తుమ్ము కూడా రాలేదు.

ఇల్లంతా ఊడ్చుకుపోయిన దొంగ
తన బొమ్మ ఒక్కటి గోడ మీద మర్చిపోయాడు.

హానుస్ బతకలేదు.
సమాధి తవ్వడానికి లేచి నిలబడగలిగేవాడి కోసం
నాలుగు రోజులు ఆగాల్సి వచ్చింది.

బిల్లా బతికింది. అయితే చలికాలానికి
ఎప్పుడో వచ్చి పోయిన చెవిపోటు
కొత్తదానిలా మళ్లీ వచ్చింది.
ఒళ్లు మళ్లీ ఓనమాలు దిద్దుకుంటోంది.
సున్నేవా ఉన్నిగుడ్డ వెచ్చచేసి చెవికి అద్ది,
ఒళ్లో తల పెట్టుకుని, రెండో చేత్తో
మేజోడు అందుకుంది.
"నిద్రపో మారియున్."
"మారియున్ మా అమ్మ. నేను బిల్లాని."
"అదే," అంది సున్నేవా. "కుట్లు ఎన్నో మర్చిపోయాను,"
అని మొదటినుంచి లెక్కపెట్టింది.